స్పాంజి కడిగిన నీళ్లు

బెంగుళూరు నుంచి జన్యు పరీక్షల రిజల్టు వచ్చిన పూట ల్యాబులో కరెంటు లేదు. రోజలిన్ ఫైలుని ఫోనులోనే తెరిచి, చిన్న తెర మీద వేలితో పైకీ కిందకీ జరుపుకుంటూ చూసింది. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చింది. హార్బరు లోపలి స్పాంజి, బయట రాళ్లకట్ట మీది స్పాంజి, యారాడది, రుషికొండది, భీమిలిది. అన్నింట్లోనూ ఒకే సయనోబాక్టీరియా. ఒక్క అక్షరం తేడా లేదు.

పేరు ఎంత పెద్దగా ఉన్నా సయనోబాక్టీరియా అంటే కంటికి ఆనని ఓ పచ్చటి జీవి. సముద్రంలో రాయిని కరుచుకుని కదలకుండా బతికే స్పాంజి ఒంట్లో అది అద్దెకుంటుంది. ఎండలో తన వంట తాను వండుకుని ఇంటివాళ్లకీ కాస్త పెడుతుంది. ఏ చోటి స్పాంజిలో ఏ వంశం వాళ్లు అద్దెకున్నారు, వాళ్ల జన్యువుల్లో తేడాలేమిటి అన్నది తేల్చడమే రోజలిన్ చదువు. ఓడల నూనే, బొగ్గు దుమ్మూ కలిసిన హార్బరు నీళ్లలో ఒకరకం, భీమిలి నీళ్లలో ఇంకోరకం కనిపించాలి. అదే థీసిస్. అయిదో ఏడు నడుస్తోంది. నెలాఖరుతో గడువు ఆఖరు. గైడు గుణశేఖర్ సారు సంతకం లేకపోతే ఆఫీసువాళ్లు ఆ పుస్తకాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోరు. తీరా చూస్తే విశాఖ తీరమంతా ఒకే అద్దెమనిషి. ఆమెకి ఏడుపు రాలేదు. నిద్రొచ్చింది.

గుణశేఖర్ సారు చెడ్డవాడేం కాదు. స్కాలర్ల పెళ్లిళ్లకి వస్తాడు, భోజనం చేసి మరీ వెళతాడు. కాకపోతే తన ల్యాబులో తప్పు జరగదని ఆయనకో గట్టి నమ్మకం. తప్పనేది ఎప్పుడైనా గేటు బయటి నుంచే లోపలికి రావాలి. ఆమె ఫోను తీసుకుని కళ్లద్దాల దగ్గరికి పెట్టుకుని చూసి, "శాంపిల్స్ ఎవరు తెచ్చారు?" అన్నాడు. ఎవరు తెచ్చారో ఆయనకి తెలుసు. ల్యాబుకి స్పాంజి తెచ్చే పడవమనిషి ఒక్కడే.

"అప్పలరాజు, సర్."

"ఇంకేముంది మరి. జాలారిపేటలో ఇంటెదురు రాయి మీద గీక్కొచ్చి అన్ని డబ్బాల్లోనూ పోశాడు. స్పాంజి కోసం యారాడ దాకా పడవేసుకుని ఎవడెళ్తాడు? మనం చూశామా?"

రోజలిన్ చూసింది. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ పొద్దున ఆమె అప్పలరాజు పడవలోనే ఉంది. ఇన్నేళ్లుగా సీసాల్లో ముక్కలుగా చూస్తున్న స్పాంజిని ఒక్కసారైనా దాని చోట, ప్రాణంతో చూడాలనిపించి వెళ్లింది. యారాడ కొండ కింద అతను నడుముకి తాడు కట్టుకుని దిగాడు. ఆమెకి భయం వేసేంతసేపు నీళ్ల కిందే ఉన్నాడు. పైకొచ్చి, దోసిట్లో నీళ్లతో సహా దాన్ని పట్టుకుని పడవ అంచుకి ఆనించి చూపించాడు. పైన ఊదారంగు, లోపల పచ్చన. ఆమె వేలితో ముట్టుకుంది కూడా. ఆ రోజు కలిగిన సంతోషం ఈ అయిదేళ్లలో ఇంకెప్పుడూ కలగలేదు. కానీ ఒక స్కాలరు పడవ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి, అనుమతి లేకుండా పడవెక్కితే తన దగ్గర పనిచేయక్కర్లేదని సారు అందరికీ చెప్పి ఉన్నాడు. రోజలిన్ అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలిసి అడగకుండానే ఎక్కింది.

సారు ఫోను ఆమెకి తిరిగిచ్చేసి, తన ఫోను తీసి, అక్కడే నిలబడి అప్పలరాజుకి చేశాడు. స్పీకరు పెట్టాడు. అవతల అలల చప్పుడు, ఎవరో ఎవరినో కేకేస్తున్న గొంతు.

"ఏమయ్యా, నన్ను వెర్రివాణ్ణి చేద్దామనుకున్నావా?"

"ఏటి సార్? ఏటయింది?"

"అన్ని చోట్లవీ ఒకటేనని మెషీన్ చెప్తోంది. ఒక్క దగ్గర తీసి అన్ని డబ్బాల్లోనూ పడేశావు. దొంగతనం కాదూ ఇది?"

"నేదు సార్. ఏ సోటుది ఆ సోటు కాడే తీసినాను. రోజలినమ్మ ఉన్నారా అక్కడ? ఆమెని ఓపాలి అడగండి సార్."

సారు ఆమె వైపు చూశాడు. ఆమె చేతిలోని ఫోను వైపు చూసుకుంది. దాని తెర ఎప్పుడో ఆరిపోయింది.

"ఆవిణ్ణి అడిగేదేముంది? ఇంక మా డిపార్టుమెంటు మెట్లెక్కకు," అని సారు పెట్టేశాడు. పెట్టేసి, అతని చేత పీతలూ గుల్లలూ తెప్పించుకునే పక్క డిపార్టుమెంటు వాళ్లకి కూడా వరసగా ఫోన్లు చేసి జాగ్రత్త చెప్పాడు. అది తన బాధ్యత అనుకున్నాడు. రోజలిన్ ఆ మాటలన్నీ వింటూ, కడిగిన గాజు పలకలనే మళ్లీ కడిగింది.

మల్కాపురం బస్సులో ఆ సాయంత్రం ఆమెకి సీటు దొరికింది. దొరికినా కూర్చున్నట్టు అనిపించలేదు. సింధియా స్టాపు దాటాక రిఫైనరీ వాసన కిటికీలోంచి వచ్చి ఇల్లు దగ్గరపడిందని చెప్పింది. వాళ్లమ్మ పుష్పకుమారి అప్పటికే సీతమ్మధార క్లినిక్కులో ఆయా పని ముగించుకొచ్చి, వేణ్ణీళ్ల టబ్బులో పాదాలు పెట్టుకుని కూర్చునుంది. గడపలో చెప్పుల చప్పుడు వినగానే రోజూ అడిగేదే అడిగింది.

"సంతకం ఎట్టేసాడా?"

"నేదమ్మా."

"మరింకేటంటాడు?"

రోజలిన్ సంచి దించి, ఆమె పక్కనే నేల మీద కూర్చుని జరిగింది చెప్పింది. పుష్పకుమారి టబ్బులో ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటూ వింది.

"మా కిలినిక్కులోనూ ఇంతే. ఏది పోయినా ముందు మా సంచులే ఇప్పమంటారు."

"నువ్వేటంటావు?"

"ఏటంటాను? ఇప్పి సూపిత్తాను. ఆనక ఆళ్ల సొరుగులోనే దొరుకుద్ది. దొరికిందని మాకు సెప్పరు." కూతురి వైపు తిరిగింది. "నువ్వు పడవెక్కేవని సెప్పేవా సారుకి?"

"నేదు. సంతకం అయ్యేక సెప్తాను."

పుష్పకుమారి పాదాలు బయటికి తీసి పాత చీర ముక్కతో తుడుచుకుంది. కూతురి చదువు ఒడ్డున పడాలని ఆమె ఎన్నాళ్ల నుంచి ప్రార్థన చేస్తోందో చర్చి బల్లలకి కూడా తెలుసు. "అలగే సెయ్యి," అంది. అని కూతురి మొహం వైపు చూడకుండా టబ్బు ఎత్తుకుని దొడ్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు అప్పలరాజు వచ్చాడు. మెట్లెక్కొద్దన్నారు కాబట్టి ఎక్కలేదు. సైకిల్ స్టాండు దగ్గర, ఎండలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎప్పుడూ తడి నిక్కరుతో, భుజాన డబ్బాతో కనిపించే మనిషి అలా పొడిగా, ఉత్త చేతులతో ఉండేసరికి రోజలిన్ ముందు గుర్తుపట్టలేదు.

"పీతలోళ్లు కూడా వొద్దన్నారమ్మా. సారు ఫోను సేసేడంట." గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "పోన్లే, సేపల ఏట ఎలాగూ ఉంటాది. ఆ మాటే కస్టంగా ఉంది. స్పీకరెట్టి మాటాడేను, గాలి హోరుకి ఇనబడదని. పడవ కాడోళ్లందరూ ఇన్నారు."

"నాకు తెలుసన్నా. నువ్వలాంటోడివి కాదు."

"సారుకి సెప్పేరా?"

"సెప్తాను. ముందు చిన్న పరీక్ష ఒకటి సెయ్యాలి. అందులో తేలిపోద్ది."

"పరీచ్చా?" అన్నాడు అప్పలరాజు. దానికీ దీనికీ ఏమిటి సంబంధమో అతనికి బోధపడలేదు. అయినా తల ఊపాడు. "అలగే అమ్మా. సదూకున్నోళ్లు. మీకే తెలుస్తాది."

ఆమె పరీక్ష అన్నది నోటికొచ్చి అన్న మాటే. మెట్లెక్కుతుంటే మాత్రం అది మంచి ఉపాయంలాగా తోచింది. తాను చూశానని చెప్పక్కర్లేకుండానే, అతను నిజం చెప్పాడని చూపించేయొచ్చు. అతని పేరూ నిలబడుతుంది, తన సంతకమూ నిలబడుతుంది. ఇలాంటి ఉపాయాలు అలిసిపోయినవాళ్లకి చాలా తొందరగా నచ్చుతాయి. ఆమె ఒకటికి రెండుసార్లు ఆలోచించకుండా ల్యాబు కోటు తొడుక్కుంది.

తప్పు అప్పలరాజుది కాకపోతే ఇంక ల్యాబుదే. తనదే. సముద్రం నుంచి వచ్చిన స్పాంజిని ఏం చేసిందో మొదటి నుంచీ మళ్లీ చేతులతో చేసి చూసుకుంది. డబ్బాలోంచి తీయడం, ట్రేలో పెట్టడం, ఇసకా బురదా పోయేలా సముద్రపు నీళ్లతో కడగడం, పొద్దుపోతే మర్నాటిదాకా అవే నీళ్లలో నానబెట్టడం. నీళ్ల కోసం ఆమె కాళ్లు వాటంతటవే కిటికీ వైపు నడిచాయి. అక్కడ నీలం డ్రమ్ము ఉంది.

ఆ డ్రమ్ము రోజలిన్ చేరకముందు నుంచీ అక్కడే ఉంది. లిఫ్టు చెడిపోయి చాలా కాలమైంది. సముద్రపు నీళ్లు రెండో అంతస్తుకి మోసుకురావడం నడుములు విరిగే పని. అందుకని ఎవరు బీచికి వెళ్లినా రెండు డబ్బాలు తెచ్చి డ్రమ్ములో పోయాలన్నది ల్యాబు ఆచారం. ఖాళీ చెయ్యడమన్నది లేదు. ఖాళీ చేస్తే నింపేదెవరు? ఆ నీళ్లని సన్నటి ఫిల్టరులో వడగట్టి, యంత్రంలో మరిగించి అప్పుడు వాడాలి. ఫిల్టర్లు అయిపోయాయి, తెప్పించమని రాసి పంపారు, రాలేదు. యంత్రం రిపేరుకి వెళ్లింది, తిరిగి రాలేదు. గుడ్డతో వడగడితే చాల్లే అని ఒక సీనియరు అన్నాడు. అతను ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, గుడ్డ మాత్రం ఉండిపోయింది.

రోజలిన్ మూత తీసి లోపల వేలితో రాసింది. వేలికి పచ్చటి జిగురు అంటింది. ఇది ఆమె ఇంతకుముందూ చూసింది. కిటికీలోంచి ఎండ పడుతోంది, పాకుడు పట్టదా మరి అనుకుని ఊరుకుంది. సయనోబాక్టీరియా మీద డాక్టరేటు చేస్తున్న మనిషి, కళ్లెదుట పెరుగుతున్న సయనోబాక్టీరియాని పాకుడు అనుకుంది. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది.

ఆ పూటా, ఆ తర్వాతి పూటలూ పనిలో పడిపోయింది. స్పాంజి పైకి తీయగానే అప్పలరాజు కత్తితో గోరంత ముక్క కోసి స్పిరిట్ గొట్టంలో వేసేవాడు. మిగతాదే డబ్బాలో ల్యాబుకి వచ్చేది. ఏ చోటిదో తెలియడానికి గొట్టం మెడకి రంగు దారం కట్టేవాడు. ఆ గొట్టాలు ఫ్రీజరు అడుగున మంచు పట్టి ఉన్నాయి. డ్రమ్ము నీళ్లు తగలనివి ఆ ముక్కలే. రోజలిన్ వాటిని తీసి మంచు ఊది, జన్యువుల్ని విడదీయడానికి ఒక్కోదాన్నీ గాజు గిన్నెలో నూరింది. మందు పోసి, తిప్పి, పై తేట తీసి, మళ్లీ మందు పోసి, తిప్పింది. డ్రమ్ములోని పచ్చ జిగురుకీ, ఇదివరకు కడిగిన స్పాంజిల్లో మిగిలిన ముక్కలకీ అదే చేసింది. కరెంటు పోతే కూర్చుంది, వస్తే లేచింది. పక్క బల్ల మీద తన పని చేసుకుంటున్న జూనియరు నీలిమ, "ఏం చేస్తున్నావక్కా?" అని ఒకటి రెండుసార్లు అడిగి, జవాబు రాక మానేసింది.

చివరికి ఆ జన్యువులు గీతలుగా విడిపోయిన జెల్ పలకని నీలి దీపం కింద పెట్టినప్పుడు నీలిమని తనే పిలిచింది.

వెలుగుతున్న గీతలు ఇద్దరికీ కనిపించాయి. ఆ గీతల అమరికని బట్టే ఒక రకానికీ ఇంకో రకానికీ తేడా తెలుస్తుంది. డ్రమ్ము జిగురు గీతలూ, ఇదివరకు కడిగిన స్పాంజిల గీతలూ ఒక్కటే. స్పిరిట్ ముక్కల గీతలు మాత్రం దేని దారి దానిదే. హార్బరుది ఒకలా, యారాడది మరోలా, భీమిలిది ఇంకోలా. బెంగుళూరు వాళ్లు అక్షరం అక్షరం చదివింది స్పాంజి అద్దెదారుల్ని కాదు, డ్రమ్ములో కాపరం పెట్టినవాళ్లని.

"మేం కూడా ఆ నీళ్లే వాడాం కదక్కా," అంది నీలిమ నెమ్మదిగా. ఆమె పేపరు అప్పటికే పత్రికకి వెళ్లిపోయింది.

"అవును."

"సారుకి చెప్పక తప్పదా?"

"అప్పలరాజుని దొంగన్నారే."

ఇద్దరూ బకెట్లతో చాలామటుకు నీళ్లు తోడేసి, చెరోపక్కా పట్టుకుని డ్రమ్ముని మెట్ల మీద ఒక్కో మెట్టూ దించుకుంటూ పెరట్లోకి తీసుకెళ్లి పక్కకి వంచారు. నీళ్లు మట్టిలోకి ఇంకిపోయాక అడుగున పచ్చటి తెట్టు మిగిలింది. నీలిమ కొబ్బరిపీచు తెచ్చింది. ఇద్దరూ తల లోపలికి పెట్టి తోముతుంటే చెమటా కన్నీళ్లూ ఏవి ఏవో ఎవరూ పట్టించుకోలేదు.

గుణశేఖర్ సారు జెల్ బొమ్మని చాలాసేపు చూశాడు. డ్రమ్ము సంగతి వింటున్నప్పుడు ఆయన మొహం ముడుచుకుంది. స్పిరిట్ ముక్కల దగ్గరికొచ్చేసరికి విచ్చుకుంది.

"మనకి కావలసింది ఇదేగదమ్మా! ఒక్కో చోట ఒక్కో రకం. బ్రహ్మాండం. ఇవి బెంగుళూరు పంపు, ఆ అధ్యాయం మార్చి రాసెయ్. ఆఫీసువాళ్లతో నేను మాట్లాడతాను. గురువారం సర్టిఫికెట్ కాగితాలు పట్రా, సంతకం పెట్టేస్తాను."

సంతకం. ఆ మాట కోసం ఎన్నాళ్లు ఎదురుచూసిందో, వినగానే ఎగిరి గంతేస్తాననే అనుకునేది. తీరా విన్నాక నోటికి వేరే మాట వచ్చింది.

"మరి అప్పలరాజు, సర్?"

"ఆఁ, ఈసారికి సరిగ్గానే తెచ్చినట్టున్నాడు. మనం పరీక్ష చేశాం కాబట్టి తేలింది. లేకపోతే వాళ్ల మాట ఎలా నమ్ముతాం చెప్పు? ఎవరైనా పక్కనుండి చూశారా ఏమన్నా? కావాలంటే మళ్లీ రమ్మను."

ఎవరైనా పక్కనుండి చూశారా అన్నప్పుడు ఆయన మామూలుగానే అన్నాడు, జవాబు కోసం ఆగను కూడా లేదు. ఆగి ఉంటే చెప్పేదాన్నని ఆమె బయటికొచ్చాక అనుకుంది. పది అడుగులు నడిచాక అది కూడా అబద్ధమేనని ఒప్పుకుంది.

అయినా మర్నాటి పొద్దున జాలారిపేట ఒడ్డుకి వెళుతున్నప్పుడు ఆమె మనసు తేలిగ్గానే ఉంది. సంచిలో జెల్ బొమ్మ ఉంది. మంచి కాగితం మీద తీయించింది. అప్పలరాజు పడవ నీడన కూర్చుని వల బాగుచేస్తున్నాడు. పక్కనే అతని భార్య దేముడమ్మ గంపలో చేపలు వేరుచేస్తోంది. కాస్త అవతల మరో ఇద్దరు పడవవాళ్లు నూలు పేనుతూ ఇటు చూసి, మళ్లీ తల దించుకున్నారు.

"అన్నా, తేలిపోయింది," అంది రోజలిన్ వంగి. ల్యాబులో మాట్లాడే తెలుగు ఇక్కడికి వచ్చేసరికి దానంతటదే వదిలిపోయింది. "నీ తప్పేటీ నేదు. మా నీల్లే పాడు. సారు కూడా ఒప్పేసుకున్నాడు. మల్లీ రమ్మన్నాడు."

"అలగా," అన్నాడు అప్పలరాజు. వల మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆమె బొమ్మ తీసి చూపించింది. అతని చేతులు తడిగా ఉన్నాయి, పట్టుకోలేదు. దేముడమ్మ చేతులు చీరకి తుడుచుకుని, మెడ సాచి చూసింది.

"ఇదేటమ్మా, గీతలు?"

"ఇది యారాడది. ఇది బీమిలిది. ఏరేరుగా ఉన్నాయి, సూడు. అంటే ఏ సోటుది ఆ సోటు కాడే తీసేడని రుజువు."

"ఓలమ్మ, బాగుంది." దేముడమ్మ ఆ బొమ్మని ఇటూ అటూ తల తిప్పి చూసింది. తర్వాత రోజలిన్ మొహం వైపు చూసింది. "యారాడ ఎల్లిన్నాడు ఈయన్తో నువ్వూ ఎల్లేవు గదమ్మా?"

"ఎల్లేను."

"మరి ఈ గీతలు సూసేకే తెలిసిందేటి నీకు?"

"ఒగ్గేయే," అన్నాడు అప్పలరాజు.

దేముడమ్మ ఎత్తిపొడవడానికి అనలేదు. తెలియక అడిగింది. అందుకే రోజలిన్‌కి తప్పించుకునే దారి దొరకలేదు. బొమ్మ పట్టుకున్న చెయ్యి కిందికి దించింది.

"నేదు," అంది. "ఆ రోజే తెల్సు."

అప్పలరాజు వల పక్కన పెట్టాడు. "నువ్వు పడవెక్కేవని నాను సారుకి సెప్పనేదమ్మా. దొంగన్నప్పుడూ సెప్పనేదు. నీ సదువు పాడైపోద్దని. నీ మాట నువ్వే సెప్తావనుకున్నాను."

అవతల నూలు పేనుతున్న చేతులు ఆగాయి.

"సెప్తానన్నా," అంది రోజలిన్.

"ఎప్పుడు?"

గురువారం అయ్యాక అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. అమ్మ గుర్తొచ్చింది, వేణ్ణీళ్లలో ఆమె పాదాలు గుర్తొచ్చాయి. బొమ్మని మడిచి సంచిలో పెట్టేసి, ఫోను తీసి సారు నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది. ఎత్తకపోతే బాగుండునని అనుకుంది, అనుకుంటూనే చెవి దగ్గరే ఉంచుకుంది.

"ఆఁ, చెప్పమ్మా," అన్నాడు గుణశేఖర్ సారు హుషారుగా. "గురువారం కాగితాల సంగతేనా?"

"కాదు సర్. యారాడ సంగతి. అప్పలరాజు ఆ స్పాంజి తీసిన రోజు నేను పడవలో ఉన్నాను."